చలికాలం తర్వాత రైడింగ్ మోవర్: చోక్ తీస్తే ఇంజన్ ఆగిపోతోంది

ప్రశ్న:
మాది మిషిగన్. మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోత బండి) నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా షెడ్‌లో ఉంది. 17.5 హార్స్‌పవర్, సింగిల్ సిలిండర్, కార్బురేటర్ ఇంజన్. ట్యాంకులో సగం పెట్రోలు ఉండిపోయింది, స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కలిపే మందు) కలపలేదు. బ్యాటరీ 12.6 వోల్టులు, ప్లగ్ కొత్తది. చోక్ లాగితే స్టార్ట్ అవుతోంది, తీయగానే రొద ఎక్కుతూ దిగుతూ ఆగిపోతోంది. కార్బురేటర్ మార్చాల్సిందేనా అండీ?

జవాబు:
అప్పుడే వద్దండీ. చోక్ మీద నడుస్తోందంటే స్పార్క్, కంప్రెషన్ ఉన్నట్టే. ఇంజన్‌కి పెట్రోలు చాలట్లేదు. చోక్ గాలిని తగ్గించి ఆ లోటు కనబడనివ్వట్లేదు, అంతే. అమెరికాలో బంకుల్లో దొరికే పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలవుంటే తేలిక భాగాలు ఆవిరైపోయి, మిగిలిన జిగురు మెయిన్ జెట్‌లో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న భాగంలో, గడ్డకడుతుంది.

ఇంజన్ చల్లారాక, ఆరుబయట, ప్లగ్ వైరూ బ్యాటరీ నెగటివ్ వైరూ తీసేసి మొదలుపెట్టండి. పాత పెట్రోలంతా దించేయండి. కార్బురేటర్ కింది గిన్నె విప్పి, జెట్ ఊడదీసి వెలుగుకి ఎత్తి చూడండి: రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనబడాలి. కార్బ్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడవండి. డ్రిల్ బిట్ మాత్రం పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్ తగిలితే రబ్బరు రింగులు ఉబ్బుతాయి, ముందే పక్కన పెట్టుకోండి.

ఇంకో జవాబు:
గిన్నె విప్పేముందు రెండు చూడండి. గిన్నె అడుగున వైరు తగిలించిన సోలెనాయిడ్ (కరెంటుతో మొన కదిలి పెట్రోలు దారి తెరిచే భాగం) ఉంటే, తాళం ఆన్ చేసినప్పుడు టక్‌మనాలి. దాని మొన వెనక్కి జరగకపోతే మెయిన్ జెట్ మూసుకునే ఉంటుంది, లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. రెండోది ఆయిల్. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఫ్లోట్ నీడిల్ (గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే సూది) కారుతున్నట్టు. అది సరిచేసి, ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయకండి.

అడిగినవారు:
సోలెనాయిడ్ టక్‌మంటోంది, ఆయిల్ బాగుంది. జెట్ నిండా తెల్లటి పొడి. శుభ్రం చేశాక చోక్ లేకుండా నడుస్తోంది, కానీ బ్లేడ్లు వేస్తే కాసేపటికి నీరసపడుతోంది.

మొదటి జవాబిచ్చినవారు:
తెల్లపొడి అంటే తేమ కార్బురేటర్ లోహాన్ని తినేసిందన్నమాట. నీడిల్ కూర్చునే చోట గుంతలు పడి ఉంటే అప్పుడు మార్చక తప్పదు. గుంతల్లేకపోతే ఫ్యూయల్ ఫిల్టర్ కొత్తది వేయండి, బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. అప్పటికీ నీరసపడితే ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చూడండి. వెంటనే కోలుకుంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయింది. ఆ తర్వాత, బ్లేడ్లు వేసి గంటలకొద్దీ తిప్పేముందు, ఇంజన్ పైన ఫ్యాన్ కవరు విప్పండి. షెడ్‌లో ఉన్న మోవర్లలో ఎలుకలు సరిగ్గా అక్కడే, కూలింగ్ రెక్కల మధ్య గూడు పెడతాయి. గడ్డి ఇరుక్కుంటే గాలి ఆడక సిలిండర్ హెడ్ వేడెక్కుతుంది, దాని గాస్కెట్ పోతుంది.