రక్తస్రావం తర్వాత నిమోడిపిన్ 21 రోజులు తప్పదా?

ప్రశ్న: అమ్మకి మెదడులో ఉబ్బిన రక్తనాళం పగిలితే ఆపరేషన్ చేసి క్లిప్ వేశారు, ఇవాళ 6వ రోజు. బాగానే మాట్లాడుతోంది, అయినా నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా లేపి నిమోడిపిన్ అనే మందు ఇస్తున్నారు, 21 రోజులు వాడాలట. బీపీ పడిపోతోంది, టెన్షన్‌గా ఉంది. ఆపమని అడగొచ్చా?

జవాబు: ఆపమనకండి. చిందిన రక్తం వల్ల నాళాలు ముడుచుకుపోయే ప్రమాదం 4 నుంచి 14వ రోజు దాకానే ఎక్కువ. అలా ముడుచుకుంటే మెదడుకి రక్తం సరిగ్గా అందదు, ఆ నష్టం తగ్గించడానికే ఈ మందు. మాట తడబడినా, మగతగా ఉన్నా వెంటనే నర్సుకి చెప్పండి.

ఇంకో జవాబు: ఈ మందు నాళాల్ని పెద్దగా వెడల్పు చేయదు, స్కాన్‌లో తేడా కనిపించకపోవచ్చు, కానీ వాడినవాళ్లు మెరుగ్గా కోలుకుంటారని తేలింది. బీపీ తగ్గితే 60 మి.గ్రా. బదులు 30 మి.గ్రా. రెండు గంటలకోసారి ఇస్తుంటారు, డాక్టర్‌ని అడగండి.

అడిగినవారు: అడిగాను, అలాగే మార్చారండి. బీపీ కాస్త నిలబడింది.