బటర్‌నట్ స్క్వాష్ రోస్ట్ నిజంగా ‘సింపుల్’ వంటేనా?

డాలస్‌బాబాయ్: థాంక్స్‌గివింగ్ పాట్‌లక్‌కి, అదే తలా ఒక వంట తెచ్చే విందుకి, ఏం తేవాలని ఏటా ఇదే టెన్షన్. బటర్‌నట్ స్క్వాష్ (మెడ ఉన్న గుమ్మడి లాంటి కాయ) అంగుళం ముక్కలు కోసి, ఆలివ్ నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి, 425 ఫారన్‌హీట్‌లో అరగంట ఓవెన్‌లో పెట్టండి. మధ్యలో ఒకసారి తిప్పాలి, అంతే. మనం చేసేది అయిదు నిమిషాల పని.

ఆవపిండి: అయిదు నిమిషాలా? చెక్కు ఎవరు తీస్తారండీ?

డాలస్‌బాబాయ్: తీయక్కర్లేదు. పల్చటి తొక్క, వేగితే మెత్తబడుతుంది. తినొచ్చు.

ఆవపిండి: కాయని నిలువునా రెండు చెక్కలు చేసి వేయిస్తే గుజ్జు చెంచాతో వచ్చేస్తుంది, అది ఒప్పుకుంటాను. ముక్కలకి తొక్క ఉంచితే మాత్రం నోట్లో అట్టముక్కే. పోయినేడు మా పాట్‌లక్‌కి ఒకరు అలాగే తెచ్చారు. పిల్లలు గుజ్జు తిని, తొక్కలు పేపర్ ప్లేట్ల అంచున వరసగా పేర్చి వెళ్ళారు.

కొత్తిమీరకట్ట: మేం పైన ఆవాలు, ఎండుమిర్చి పోపు వేస్తాం. బాగుంటుంది.

డాలస్‌బాబాయ్: పోపు వేస్తే అది కూర. తొక్క సంగతి తేల్చండి ముందు. దప్పళంలో గుమ్మడి ముక్కలు తొక్కతోనే వేస్తాం కదా! అప్పుడెవరికీ అట్టముక్క గుర్తురాలేదేం?

ఆవపిండి: దప్పళంలో ముక్క చింతపండు పులుసులో మరిగి మరిగి మెత్తబడుతుంది. ఓవెన్‌లో తడి ఆరిపోతుంది. రెండూ ఒకటేనా?

నాని_న్యూజెర్సీ: కాయలు మాత్రం చుట్టాలే. మన తీపి గుమ్మడి, బటర్‌నట్ రెండూ కుకుర్బిటా మోస్కాటా జాతి. 1940లలో మసాచుసెట్స్‌లోని స్టో అనే ఊళ్ళో చార్లెస్ లెగెట్ అనే ఆయన ఈ బటర్‌నట్ రకం తయారుచేశాడు. వంకర మెడ పాత గుమ్మడితో పడలేక, వంటకి వీలుగా ఉండాలనే చేశాడట.

ఆవపిండి: వీలుగానా! ఆయన ఎప్పుడైనా చెక్కు తీశాడా? జిగురు చేతికంటి ఆరిపోతే చర్మం బిగుసుకుపోతుంది. నాకు రెండ్రోజులు వేళ్ళు పొరలూడాయి.

కొత్తిమీరకట్ట: గ్లవ్స్ వేసుకోండి అక్కా. కాయకి ఫోర్కుతో చిల్లులు పొడిచి రెండు మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే చెక్కు తేలిగ్గా వస్తుంది.

సియాటిల్‌చినుకు: ట్రేలో ముక్కలు కుక్కకండి. వేగవు, ఉడుకుతాయి.

డాలస్‌బాబాయ్: పదేళ్ళుగా మా ఇంట్లో ఈ రోస్ట్ చేస్తున్నాను. పొరలూడటం ఎప్పుడూ చూడలేదు. కాయ కోయడం రాకపోతే అది కాయ తప్పా?

ఆవపిండి: ఒక్కమాట అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ ఇంట్లో కాయ కోసేదెవరు?

నాని_న్యూజెర్సీ: రెండు గంటలైంది. బాబాయ్ గారు కనబడటం లేదు.

డాలస్‌బాబాయ్: మీటింగ్‌లో ఉన్నాను. మా ఆవిడ ముక్కలు కోసి డబ్బాలో పెడుతుంది. నూనె పట్టించడం, ఓవెన్, తిప్పడం అంతా నేనే. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఆవపిండి: సంబంధం లేదా! మా పాట్‌లక్ లిస్టులో మా వారి పేరు ఎదురుగా ‘సింపుల్ రోస్ట్’ అని ఉంటుంది. ముందురోజు రాత్రి పదకొండింటికి పీలర్ పట్టుకుని సింకు దగ్గర నిలబడేది నేను. మర్నాడు అందరూ “అన్నయ్యగారు అదరగొట్టారు” అంటారు, ఆయన నవ్వుతారు. తొక్క తింటే ఎంత, పారేస్తే ఎంత! ఆ ‘అయిదు నిమిషాలు’ అన్న మాట చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కొత్తిమీరకట్ట: ఆడవాళ్ళు గుమ్మడికాయ పగలగొట్టకూడదని మా అమ్మమ్మ మొదటి వేటు తాతయ్య చేత వేయించేది. అన్ని ఆచారాలూ విమానం ఎక్కాయి, అదొక్కటే అక్కడ ఆగిపోయింది.

డాలస్‌బాబాయ్: తొక్క తినొచ్చన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. సరే, ఈ శనివారం కాయ నేనే కోస్తాను. నిలబెట్టి కోయాలా, పడుకోబెట్టా?

ఆవపిండి: ముందు రెండు కొసలూ తీసేయండి. మెడ వేరు, బొజ్జ వేరు చేయండి. మెడని నిలబెట్టి పీలర్ పైనుంచి కిందికి లాగండి. తొక్క కింద ఆకుపచ్చ గీతలు కనిపిస్తే ఇంకోసారి తీయాలి. గింజలు పారేయకండి, కడిగి ఆరబెట్టి వేయించుకోవచ్చు. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టకండి.