సమస్య: ప్రాణమిడినవాడె పరుగు గెలుచు

పాదరసం (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

చచ్చినవాడు గెలవడం ఏమిటన్నదే చిక్కు. దాన్ని విప్పడానికి పురాణాల దాకా వెళ్ళొద్దు. ఈసారి పాత్రలన్నీ ఎఫ్-జీరో అనే బండి పందేల వీడియో ఆటల నుంచే రావాలి. 1990లో నింటెండో తెచ్చిన మొదటి ఆటలో పందెగాళ్ళు నలుగురే: కెప్టెన్ ఫాల్కన్, డాక్టర్ స్టూవర్ట్, పీకో, సామురాయ్ గోరో. 1998లో ఎఫ్-జీరో ఎక్స్ వచ్చేసరికి ముప్పై మంది అయ్యారు. వాళ్ళలో ఆక్టోపస్ లాంటివాడున్నాడు, డైనోసార్ ఉంది, ఒకే బండిని ఇద్దరు కలిసి నడిపే గోమర్, షియో జంట ఉంది. మొదటి ఆట కథాకాలం క్రీ.శ. 2560. గ్రహాల మధ్య వ్యాపారంతో కోట్లు గడించిన ధనికులకు విసుగు పుట్టి మొదలుపెట్టించిన పందెం ఇది. చిన్నప్పుడు ఈ ఆట ఆడి, ఇప్పుడు పద్యాలు రాస్తున్నవాళ్ళు మన గుంపులో చాలామందే ఉన్నారని నాకు తెలుసు. అందుకే ధైర్యం చేశాను.

కొత్తవారి కోసం గణవిభజన: ప్రాణ, మిడిన, వాడె, పరుగు, గెలుచు. గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు), గలం, నగణం, నగణం. ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే మైత్రి, ప్రా-ప.

కొత్తగొంతు:
ఒక సందేహం. ‘ప్రా’కి దీర్ఘం ఉంది, కింద రేఫ కూడా ఉంది. ‘ప’తో యతి ఎలా కుదురుతుంది?

పాదరసం:
యతికి హల్లు, అచ్చు రెండూ చూడాలి. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వేయవచ్చు, ఇక్కడ పకారం తీసుకున్నాం. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. కాబట్టి ప, పా, పై, పౌ ఏది వచ్చినా చెల్లుతుంది. నిస్సంకోచంగా రాయండి.

వేగుచుక్క:
నాకు చప్పున గుర్తొచ్చినవాడు ‘ద స్కల్’. రెండు శతాబ్దాల కిందటి పందేల్లో పేరుమోసిన పందెగాడు. విజ్ఞానం, క్షుద్రవిద్య కలిపి అతన్ని మళ్ళీ లేపారు.

*రెండు నూర్ల యేండ్ల రేయి దాటుచు వచ్చి*
*ఎముక చేతితోడ నేలె రథము*
*పుర్రె నవ్వు చూడు పూర్వమే చచ్చెను*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

అరసున్న:
చావుని రాత్రి అనడం, ఆ రాత్రికి రెండువందల ఏళ్ళ నిడివి ఇవ్వడం చాలా బాగుంది. మొదటి పాదం చదివి కాసేపు ఆగిపోయాను. రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి ‘రథము’. ఎఫ్-జీరో బండ్లకు చక్రాలే ఉండవు, అవి నేలకు తగలకుండా తేలుతూ పోతాయి. చక్రం లేనిదాన్ని రథమనవచ్చా? రెండోది ‘చచ్చెను’. ఒకప్పటి మహావీరుడి గురించి అంటున్నాం కదా, ‘పూర్వమే పోయెను’ అంటే మర్యాదగా ఉంటుంది. గణం కూడా చెడదు.

వేగుచుక్క:
అరసున్న గారూ, మనోరథానికి చక్రాలు ఎక్కడున్నాయండీ? అయినా మనం రథమనే అంటున్నాం. పందెంలో పరుగెత్తేదీ, సారథి చేతిలో ఉండేదీ రథం. ఆ భావంతోనే వేశాను. ‘పోయెను’ గురించి నేనూ ఆలోచించాను. కానీ పందెం పద్యంలో ‘పోయెను’ అంటే బండి వేసుకుని పోయాడనే అర్థమే ముందు తడుతుంది. అక్కడ సందేహానికి తావు ఉండకూడదు. వాడు చచ్చాడు. అది గట్టిగా చెబితేనే సమస్య విడుతుంది.

అరసున్న:
రెండూ ఒప్పుకుంటున్నాను. ‘చచ్చెను’ ఉండనివ్వండి.

మలుపు:
నా పద్యం మైటీ గజెల్ మీద. ఒక ఘోర ప్రమాదంలో ఒళ్ళంతా ఛిద్రమైతే సగం మనిషిగా, సగం యంత్రంగా మారి మళ్ళీ పందేనికి వచ్చాడు. ఎఫ్-జీరో ఎక్స్‌లో ఎర్ర బండి, రెడ్ గజెల్, అతనిదే.

*చితికిపోయె మేను సీటులోననె నాడు*
*ఉక్కు తొడుగు తొడిగి యురికె మరల*
*సగము మనిషి యంచు సంశయింపగ నేల*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

చుక్కాని:
‘సీటు’ని చితికిపోయెతో యతికి కూర్చడం నచ్చింది. చకారానికి సకారంతో మైత్రి ఉంది కాబట్టి నిర్దోషం. ఇలాంటి వస్తువుకి ‘ఆసనం’ అని వేస్తే కృతకంగా ఉండేది.

కొత్తగొంతు:
‘తొడిగి యురికె’ అని ఎందుకు విడదీశారు? ‘తొడిగురికె’ అనకూడదా?

చుక్కాని:
అనకూడదండీ. తొడిగి, చూసి, వచ్చి లాంటివి క్త్వార్థకాలు. వాటి చివరి ఇకారానికి సంధి ఉండదు, అచ్చు పరమైతే యడాగమం వస్తుంది. మాట్లాడేటప్పుడు మనం కలిపేస్తాం, పద్యంలో మాత్రం తప్పుగా పట్టుకుంటారు.

అరసున్న:
మలుపు గారూ, ఛందస్సులో వంక పెట్టడానికేమీ లేదు. చిక్కు అన్వయంలో ఉంది. మీ పద్యంలో గజెల్ మేను ఇచ్చాడు, ప్రాణం ఇవ్వలేదు. మూడో పాదం ‘సగం మనిషి అని అనుమానమెందుకు’ అంటుంటే నాలుగో పాదం వచ్చి ప్రాణమిచ్చాడంటోంది. రెండింటికీ మధ్య వంతెన లేదు. సమస్యాపూరణంలో ఎక్కువమంది జారేది ఈ మూడో పాదంలోనే. మొదటి రెండూ ఊపు మీద రాసేస్తాం, నాలుగోది ఎలాగూ ఇచ్చేశారు. మూడోదే రెండింటినీ మోయాలి.

మలుపు:
నిజమే. రాత్రంతా దాని మీదే కూర్చున్నాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

*సగము బతుకు ముందె సమసిపోయెను గాదె*

ఇప్పుడు గజెల్ సగం ప్రాణాన్ని ముందే ధారపోసినవాడు అవుతాడు.

అరసున్న:
ఇప్పుడు అతికింది. ‘సమసిపోయెను’ ఎంత మెత్తగా పడిందో.

కొత్తగొంతు:
భయపడుతూనే పెడుతున్నాను. ఇది నా మొదటి ఆటవెలది. కెప్టెన్ ఫాల్కన్ మీద రాశాను. అతని బండి బ్లూ ఫాల్కన్‌ని ‘నీలి డేగ’ అన్నాను, తప్పయితే చెప్పండి.

*ముసుగు వీరుడతడు నీలి డేగను దోలె*
*నింగి దారి నంత నిప్పు జేసె*
*వేటగాడె గాని వేగమే తన వేట*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

పాదరసం:
మొదటి ఆటవెలదిలోనే నాలుగు పాదాల గణాలూ సరిగ్గా పడ్డాయి. అదే పెద్ద మెట్టు. నీలి డేగ చక్కని మాట. ఆట ఆడినవాళ్ళు వెంటనే పోల్చుకుంటారు, ఆడనివాళ్ళకు కూడా బొమ్మ కళ్ళకు కడుతుంది. ‘వేటగాడె గాని వేగమే తన వేట’ కూడా బాగుంది. ఫాల్కన్ నేరస్థుల తలల మీది బహుమానం కోసం వేటాడేవాడని తెలిసినవాళ్ళకు అది ఇంకా బాగుంటుంది.

మొదటి పాదంలో యతి తప్పింది. ‘ము’కి నాలుగో గణంలో ‘నీ’ పెట్టారు. హల్లూ కలవలేదు, అచ్చూ కలవలేదు. దీనికి మందు మీ పద్యంలోనే ఉంది. ‘నీలి డేగ’తో పాదం మొదలుపెట్టండి, నాలుగో గణంలో ‘నింగి’ వేయండి. ముసుగు వీరుణ్ణి రెండో పాదానికి దింపండి.

ఇంకొకటి. అతను ప్రాణమెక్కడ ఇచ్చాడు? మలుపు గారికి అరసున్న గారు చెప్పిన మాటే మీకూ వర్తిస్తుంది. ఆట ఎలా ఆడతారో ఒకసారి గుర్తు చేసుకోండి. దారి అక్కడే దొరుకుతుంది.

చుక్కాని:
అందరూ ‘ప్రాణమిడు’ని ప్రాణత్యాగంగానే చూస్తున్నారు. ఇడడమంటే పోగొట్టుకోవడమొక్కటేనా? ఇతరులకు ప్రాణం పోయడం కూడా ఇడడమే. నలుగురిలో ఆ పని చేసేది వైద్యుడైన డాక్టర్ స్టూవర్ట్. అతని బండి గోల్డెన్ ఫాక్స్.

*నాడి పట్టు వేళ్ళె నడపును పందాన*
*పసిడి నక్క పేర బరగు బండి*
*పోవు నుసురు నాపి పొమ్మను చావును*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

వేగుచుక్క:
చుక్కాని గారూ, మూడో పాదానికి నమస్కారం. పోయే ఉసురుని ఆపి చావుని పొమ్మన్నాడు! ఒకే క్రియ ప్రాణం వైపు ఒకసారి, చావు వైపు ఒకసారి తిరిగింది. సమస్యలోని అర్థాన్నే తలకిందులు చేశారు. నా పద్యం కన్నా ఇది ఒక మెట్టు పైనుందని ఒప్పుకోవాలి.

మలుపు:
బండి సంగతి కూడా సరిపోయింది. మొదటి ఆటలో గోల్డెన్ ఫాక్స్ చిటికెలో వేగం అందుకునేది, కానీ నాలుగు బండ్లలో దానిదే అతి బలహీనమైన ఒళ్ళు. గోడకు తగిలితే విలవిల్లాడేది. దాన్ని నడపాలంటే నాడి చూసే వేళ్ళకున్నంత నేర్పు కావాలి. నేను ఎన్నిసార్లు పేల్చేశానో.

రెండో ల్యాప్:
సిల్వర్ నీల్సన్‌ని ఎవరూ తలుచుకోలేదేమిటి? తొంభై దాటిన పెద్దాయన.

*తొంబదేండ్లు దాటె దూకుడు తగ్గదు*
*వయసు నడిగినంత వడిని చూపు*
*బ్రదుకు నెల్ల తాను బాటకే యిచ్చెను*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

అరసున్న:
హాయిగా సాగింది. ‘వయసు నడిగినంత వడిని చూపు’ నోటికి వెంటనే వచ్చేసింది. ఇక్కడ ప్రాణమిడడం అంటే జీవితం అంకితం చేయడం. మూడో రకం అర్థం దొరికింది.

నల్లసిరా:
బ్లాక్ షాడో, బ్లడ్ ఫాల్కన్‌ల మీద నా ప్రయత్నం. కెప్టెన్ ఫాల్కన్ జన్యువుల నుంచి దుష్టుడైన బ్లాక్ షాడో చేయించిన నకలే బ్లడ్ ఫాల్కన్.

*నల్లనీడ పోసె నకలుకు నూపిరి*
*ఎర్ర డేగ పుట్టె నెదిరి కొరకు*
*నెత్తు రొకటె యైన నీతియు నొకటౌనె*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

చుక్కాని:
మూడో పాదం ఇప్పటిదాకా వచ్చిన పాదాలన్నిటిలోకీ గొప్పది. నెత్తురు ఒకటే అయినంత మాత్రాన నీతి ఒకటవుతుందా అని అడగడంలో నకలు పాత్రల కథంతా ఇమిడిపోయింది. అందుకే నాలుగో పాదం దగ్గర బాధ కలిగింది. ఇక్కడ ప్రాణమిచ్చినవాడు బ్లాక్ షాడో. అతనే గెలుస్తాడంటే మీ మూడో పాదం అడిగిన ప్రశ్నకు మీరే ఎదురు తిరిగినట్టు అవుతుంది.

నల్లసిరా:
నాలుగో పాదాన్ని కాకువుగా చదవండి. ‘ప్రాణమిడినవాడె పరుగు గెలుచు?’ అని గొంతు ఎత్తి అడిగితే ‘గెలవడు’ అనే అర్థం వస్తుంది. మూడో పాదం ప్రశ్నే, నాలుగోదీ ప్రశ్నే.

చుక్కాని:
కాకువు పూరణలో ఒప్పుకునే పద్ధతే, కాదనను. నల్లసిరా గారూ, మీరు పక్కనుండి చదివి వినిపిస్తే ఒప్పుకుంటాను. రాతలో మాత్రం ఆ స్వరం కనపడదు. సగం మార్కులు ఇప్పుడే ఇస్తున్నాను, మిగతా సగం కోసం ఆ మూడో పాదాన్ని ఇంకో పద్యంలో వాడండి. వృథా పోనివ్వకండి.

పాదరసం:
ఈ పాదం ఇస్తున్నప్పుడు నా మనసులో ఉన్న పూరణ ఇది. పాత్ర పేరు పెట్టలేదు, ఎందుకంటే ఇది ముప్పై మందికీ వర్తిస్తుంది.

*ఉసురు నిలుపు గీతె యురుకుల చమురగు*
*వెరచి దాచునతడు వెనుకబడును*
*చివరి బొట్టు దాక చిందించి గమ్యాన*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

ఎఫ్-జీరో ఎక్స్‌లో తెర మీద కనిపించే శక్తి గీత ఒక్కటే. గోడ తగిలినా, పక్కవాడు గుద్దినా తగ్గేది అదే. రెండో ల్యాప్ నుంచి బూస్ట్ (వేగం ఒక్కసారిగా పెంచే బటన్) నొక్కితే కరిగేదీ అదే. బతకడానికున్నదాన్నే వేగానికి ఖర్చు పెట్టాలి. చివరి ల్యాప్‌లో గీత అడుగంటిపోయి, ముందు ఒక్క బండి, ఇంకో మలుపు మిగిలి ఉన్నప్పుడు బొటనవేలు బటన్ మీద ఆగిపోతుంది. ఆ క్షణం నాకు ఇప్పటికీ అలాగే గుర్తుంది. నొక్కితే గెలవచ్చు, గోడ తగిలితే పేలిపోవచ్చు.

రెండో ల్యాప్:
పాదరసం గారూ, చదువుతుంటే అరచేతులు చెమర్చాయి. ఒక్క సవరణ. ఇది అన్ని ఆటలకూ వర్తించదు. 1990 ఆటలో ల్యాప్ పూర్తి చేసినందుకు ఒక్కో బూస్ట్ ఇచ్చేవారు, దానికి ప్రాణంతో పని లేదు. 1998 ఎక్స్‌లో, 2003 జీఎక్స్‌లో, 2023 ఎఫ్-జీరో 99లో మాత్రం మీరన్నది అక్షరాలా నిజం. ‘ముప్పై మందికీ’ అన్నారు కాబట్టి ఎక్స్ అని సరిపెట్టుకోవచ్చు.

అరసున్న:
‘వెరచి దాచునతడు వెనుకబడును’ అన్నది ఈ ఆట తెలియనివాళ్ళకూ అర్థమవుతుంది. ‘ఉరుకుల చమురు’ కొత్త మాట. ఆ రెండు మాటలు అలా కలవడం నేనెక్కడా చూడలేదు. ‘చిందించి’ దగ్గర మాత్రం నాకు నెత్తురు గుర్తొచ్చింది, చమురు గుర్తు రాలేదు. ఆ రెండూ ఒకటేనని మీ ఉద్దేశమైతే మార్చకండి.

పాదరసం:
ఒకటేనని నా ఉద్దేశం.

కొత్తగొంతు:
‘ఆట ఎలా ఆడతారో గుర్తు చేసుకోండి’ అని ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది. వేటగాడి పాదాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు, అయినా తీసేశాను.

*నీలి డేగ నెక్కి నింగిపై పరువిడె*
*ముసుగు వీరు డతడు మొదటి వాడు*
*గీత కరగి పోవ గెలుపుకై దూకెను*
*ప్రాణ మిడిన వాడె పరుగు గెలుచు*

యతులు నీ-నిం, ము-మొ, గీ-గె, ప్రా-ప. ఈసారి నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

అరసున్న:
నాలుగూ చెల్లాయి. మూడో పాదం మోయాల్సిన బరువంతా మోసింది. తీసేసిన వేటగాడి పాదాన్ని దాచుకోండి. వచ్చే వారం సామురాయ్ గోరో మీద సమస్య ఇమ్మని పాదరసం గారిని అడుగుతాను. అతనూ వేటగాడే.