ఇసుకకు ఎక్కిన ఓడ మళ్ళీ నీళ్ళలోకి ఎలా దిగుతుంది?

ప్రశ్న (గోపాలపురం, గంజాం జిల్లా)

మాది సముద్రపు ఒడ్డున ఉన్న చేపల పేట. బడిలో ఒడియా చదివినా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మా నాన్నగారు ఫైబర్ బోటును ఒడ్డుకు తెచ్చే ప్రతిసారీ పెద్ద కెరటాలు దాటిపోయేదాకా బయటే ఆగి, ఆ వెనక దొరికే చిన్న సందులో ఇంజను పెంచి ఒక్క ఊపున ఇసుక మీదికి ఎక్కిస్తారు; ఏమాత్రం ఆలస్యమైనా పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ఇంత చిన్న పడవకే ఇంత తంటా అయినప్పుడు, యుద్ధ ట్యాంకులను మోసే వేల టన్నుల నౌక ఒడ్డుకు ఆనుకుని, ముందు తలుపులు తెరిచి సరుకు దించి, మళ్ళీ వెనక్కి ఎలా పోగలుగుతుంది? విశాఖలోని నౌకాదళ ఓడ జలాశ్వ కూడా ఇలాగే ఒడ్డుకు ఎక్కుతుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (పర్లాకిమిడి)

తమ్ముడూ, నేను విశాఖలో ఓడల ప్లేట్ల పని చేసి రిటైరైనవాణ్ణి. 1997లో నౌకాదళంలో చేరిన ఘరియాల్ విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైనదే, కనుక దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. సుమారు 120 మీటర్ల పొడవు, 5,600 టన్నుల పైచిలుకు బరువు ఉండే ఈ నౌక అడుగు చదునుగా ఉంటుంది. నడి సముద్రంలో పోయేటప్పుడు అడుగు ట్యాంకుల్లోకి ఉప్పునీరు ఎక్కించి ఓడను నిలకడగా ఉంచుతారు. ఒడ్డు సమీపించాక ముందువైపు నీటిని బయటికి తోడేస్తే ముక్కు పైకి లేచి, వెనుక భాగం మాత్రం లోతులోనే ఉండిపోతుంది. ఒడ్డు ఇంకా కొంత దూరంలో ఉండగానే వెనుక లంగరును జారవిడిచి, దాని తాడును వదులుతూ ముందుకు వచ్చి ఇసుకకు ఆనుకుంటారు. తిరిగి పోయేటప్పుడు ఆ తాడును యంత్రంతో చుడుతూ, ఇంజన్లను వెనక్కి తిప్పుతూ బయటికి లాక్కుంటారు. కెరటం వెనుక నుంచి కొట్టి ఓడను అడ్డం తిప్పేయకుండా పట్టి ఉంచేది కూడా ఆ లంగరే.

అసలు కిటుకు ఒడ్డు వాలులో ఉంది. ఈ రకం నౌకలకు 40 మీటర్లకు 1 మీటరు చొప్పున, లేదా అంతకంటే ఏటవాలుగా దిగే తీరం కావాలి. అలాంటి చోట 120 మీటర్ల ఓడకు ముక్కు కింద ఉన్న లోతు కంటే తోక కింద 3 మీటర్లు ఎక్కువ నీరుంటుంది, కనుక ప్రొపెల్లర్లకు ఇసుక తగలదు. అదే 100 మీటర్లకు 1 మీటరు దిగే తీరమైతే ఆ తేడా 1.2 మీటర్లే; ముక్కు ఒడ్డు చేరకముందే తోక నేలకు తగులుతుంది. పోటు ఇంకా ఎక్కుతూ ఉండగానే ఒడ్డుకు రావడం కూడా అందుకే, పెరిగే నీరు ఓడను తేలుస్తుంది. ఆటు మొదలయ్యాక వస్తే మళ్ళీ పోటుదాకా అక్కడే కూర్చోవాలి. చదును అడుగు వల్ల నడి సముద్రంలో ఓడ తెగ ఊగుతుంది. అందులో తిరిగిన కుర్రాళ్ళ వాంతుల కథలు యార్డులో చాలా విన్నాను.

జవాబు 2 (కొరాపుట్)

పెద్దాయన లెక్క సరైనదే గానీ, తీరం ఎప్పుడూ ఒకే వాలుగా ఉండదని చేర్చాలి. 1971 డిసెంబరు యుద్ధంలో బంగాళాఖాతం అవతల, నేటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ వద్ద గూర్ఖా సైనికులను దించడానికి అప్పటి ఘరియాల్, గుల్దార్ నౌకలు వెళ్ళాయి (ఆ ఘరియాల్ వేరు, పై జవాబులోనిది దాని పేరు పెట్టుకున్న కొత్త నౌక). ఒడ్డుకు ఇవతలే నీటి కింద ఇసుక మేట అడ్డు తగిలింది. మేటకూ ఒడ్డుకూ నడుమ మళ్ళీ లోతు. ఆయుధాల బరువుతో దిగినవారిలో మునిగి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. చివరికి మిగిలినవారిని అక్కడి నాటు పడవల్లో ఒడ్డుకు చేర్చారు. పెద్ద నౌక ఆగిపోయిన చోట చిన్న నాటు పడవ పనికొచ్చింది.

జలాశ్వ విషయానికి వస్తే, 173 మీటర్ల ఆ నౌక ఒడ్డుకు రాదు. అది 1971లో అమెరికా నౌకాదళంలో ట్రెంటన్ పేరుతో చేరి, 2007లో మన చేతికొచ్చింది. దాని కడుపులో వెనుకవైపు ఒక రేవు ఉంటుంది: అడుగు ట్యాంకుల్లోకి నీరు వదిలి తోకను కిందికి దించితే, వెనుక గేటు గుండా సముద్రం లోపలికి వస్తుంది, లోపలున్న చదును అడుగు పడవలు తేలి, యుద్ధ ట్యాంకులతో బయటికి పోతాయి. ఇలాంటి పడవలు దానిలో నాలుగు పడతాయి. ఒడ్డు తాకే తిప్పలన్నీ వాటివే. ఇంత చోటున్న నౌక కాబట్టే 2020 మేలో మాల్దీవుల నుంచి 698 మందిని ఒక్క విడతలో కొచ్చికి తేగలిగింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మేట సంగతి చదివి వినిపిస్తే నాన్నగారు నవ్వారు. గాలివాన వెళ్ళిన ప్రతిసారీ మా మేట చోటు మారుతుందట. నిన్నటి దారిని నమ్మి ఈరోజు రాకూడదట. అంత పెద్ద నౌక వాళ్ళు ముందుగా ఒక మనిషిని గెడ ఇచ్చి పంపరా అని అడుగుతున్నారు.

జవాబు 1 (పర్లాకిమిడి)

పంపుతారు తమ్ముడూ. ఓడ రాకముందే ఈతగాళ్ళు రహస్యంగా వెళ్ళి, ముడులు వేసిన తాడుకు సీసపు గుండు కట్టి లోతు కొలిచేవారు. ట్యాంకు దిగబడుతుందో లేదో చూడటానికి ఇసుకను కూడా తవ్వి చూసేవారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికే ఆ పద్ధతి ఉంది. గెడ బదులు గుండు, అంతే తేడా అని నాన్నగారితో చెప్పు.