బరంపురం ఉక్కకు రీఫ్ ట్యాంకు: ఫ్యాన్ చాలా, చిల్లర్ తప్పదా?

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నాది రీఫ్ ట్యాంకు, అంటే పగడాల్లాంటి జీవులు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం. రెండడుగులది, 54 లీటర్లు. లైవ్ రాక్ (మేలుచేసే బ్యాక్టీరియా పట్టిన రాయి) 6 కిలోలు. సైక్లింగ్, అంటే చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో కుదురుకోవడం, అయిపోయింది: అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 పీపీఎం. ఉప్పదనం వెయ్యి వంతులకు 35, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 డీకేహెచ్. గట్టి పగడాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. జోయాంథస్, మష్రూమ్ అనే మెత్తటి పగడాల్లాంటి జీవులు, ఒక జత క్లౌన్ చేపలు, అంతే.

చిక్కంతా వేడితోనే. మధ్యాహ్నానికి నీళ్లు 31 డిగ్రీలు దాటుతున్నాయి. నీటిమట్టం మీదికి ఫ్యాన్ పెడితే 29 దగ్గర ఆగుతోంది. ఫ్యాన్ చల్లదనమంతా ఆవిరి వల్లే కదా, సముద్రం పక్క ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ, ఇక ఏం దిగుతుంది? పైగా రోజుకు లీటరున్నర ఆవిరవుతోంది. ఆర్వో మంచినీళ్లు ఒక్కరోజు కలపకపోతే ఉప్పదనం 36కి ఎగబాకుతుంది. కరెంటు పోతే ఇంకో తంటా: వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువ, అందుకని బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంది.

పదో వంతు హెచ్‌పీ చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఈ ట్యాంకును 26 దగ్గర నిలబెడుతుందా? అది వదిలే వేడిగాలికి చిన్నగది ఇంకా కాగిపోదా? లేక జోయాంథస్‌కు నిలకడగా 29 ఉన్నా పర్వాలేదా?

ఇంకొకటి. నీళ్లు మార్చడానికి గోపాలపూర్ నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోమంటున్నారు. అలల దగ్గర ఇసుకమడ్డి, వానాకాలంలో నదుల మంచినీళ్లు కలిసి ఉప్పదనం పడిపోవడం చూస్తే నాకు సాల్ట్ మిక్సే (మంచినీళ్లలో కలుపుకునే అక్వేరియం ఉప్పు) నయమనిపిస్తోంది. ఎవరైనా తీరపు నీళ్లు వాడుతుంటే ఎలా వడకడుతున్నారు, వాడేముందు ఏయే పరీక్షలు చేస్తున్నారు?