నల్లా బిల్లు పాత ఓనర్ పేరు మీదే వస్తోంది, కట్టేయాలా ఆగాలా?

హైదరాబాద్‌లో పాత ఇల్లు కొనుక్కుని మూడు నెలల క్రితం చేరాం. నల్లా బిల్లు ఇంకా పాత ఓనర్ పేరు మీదే వస్తోంది. నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం కదా, ఉండేది ముగ్గురమే, మరి బకాయి అంత పెద్ద అంకె ఎందుకుందా అని ఆరా తీస్తే, ఆయన క్యాన్ నంబర్‌కు (అంటే నల్లా కనెక్షన్ ఖాతా నంబరుకు) ఆధార్ లింక్ చేయించుకోలేదట. మీటరు మాత్రం బాగానే తిరుగుతోంది, రోజూ పొద్దున్నే నేనే చూస్తున్నా (మా ఆవిడ నవ్వుతోంది). నీటి చార్జీ మీద మురుగునీటి సెస్ కూడా ఉంది.

ఇప్పుడు మొత్తం ఆన్‌లైన్‌లో కట్టేసి తర్వాత పేరు మార్పించుకోవాలా, లేక ముందు పేరు మార్పించి నా ఆధార్ లింక్ చేయించాలా? పాత బకాయి ఆయన్ని అడగొచ్చా? సేల్ డీడ్ కాకుండా ఇంకేం కాగితాలు పట్టుకెళ్లాలి? ఇలా చేయించుకున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. నెలాఖరే గడువు, టెన్షన్‌గా ఉంది.