శాంతి కుదిర్చేది ఊరివాళ్ళా, బయటి సంస్థలా?

రాతిగోడ:
నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరంతా తిట్టినా సరే. రెండు తెగలో రెండు పేటలో చంపుకున్నాక వాళ్ళను మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టే పని అంతర్జాతీయ సంస్థలది కాదు. ఐక్యరాజ్యసమితి అయినా, పెద్ద ఎన్జీవో అయినా, అందులోకి దిగితే మేలుకన్నా చెరుపే ఎక్కువ.

కెన్యా ఈశాన్యాన వజీర్ అనే ప్రాంతం ఉంది. 1990ల మొదట్లో అక్కడి సోమాలీ తెగలు నీళ్ళ కోసం, మేత కోసం, పశువుల కోసం రక్తం పారించుకున్నాయి. చివరికి సంతలో కూడా ఒక తెగ ఆడవాళ్ళు ఇంకో తెగవాళ్ళ దగ్గర సరుకు కొనలేని పరిస్థితి వచ్చింది. 1993లో దేఖా ఇబ్రహీం అబ్ది, మరికొందరు ఆడవాళ్ళు ఆ సంతతోనే పని మొదలుపెట్టారు. ఎవరైనా ఎవరి దగ్గరైనా కొనొచ్చు, అమ్మొచ్చు, తగువొస్తే అక్కడికక్కడే తేల్చుకోవాలి. సంత కుదుటపడ్డాకే పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళారు. అప్పుడు కూడా బలమైన తెగల దగ్గరికి నేరుగా పోలేదు. చిన్న తెగల పెద్దలను ముందు ఒప్పించి వాళ్ళను మధ్యవర్తులుగా నిలబెట్టారు. ఏ పెద్దమనిషి మాట ఎక్కడ చెల్లుతుందో న్యూయార్కులో కూర్చున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

బయటివాళ్ళ సంగతి చూడండి. 1994లో రువాండాలో నరమేధం మొదలయ్యాక భద్రతా మండలి అక్కడి శాంతి సైనికులను 270 మందికి కుదించింది. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాను ఐక్యరాజ్యసమితే సురక్షిత ప్రాంతమని ప్రకటించి, 1995 జూలైలో ఎనిమిది వేలమందికి పైగా మగవాళ్ళను, మగపిల్లలను చావుకు వదిలేశారు. హైతీలో 2010లో కలరా శాంతి సైనికుల శిబిరం నుంచే పాకింది. క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది.

చిగురు:
రాతిగోడ గారూ, మీరు చెప్పిన మూడూ నిజాలే. కానీ మొదటి రెండూ మీ వాదనకే అడ్డొస్తున్నాయి. రువాండాలో, స్రెబ్రెనిత్సాలో జనం చచ్చింది బయటివాళ్ళు వచ్చినందుకా, వచ్చినవాళ్ళు నిలబడనందుకా?

దక్షిణ సూడాన్ చూడండి. 2013 డిసెంబరులో రాజధాని జుబాలో కాల్పులు మొదలయ్యాయి. జాతి చూసి మనుషుల్ని చంపుతున్నారు. జనం ఐక్యరాజ్యసమితి స్థావరాల వైపు పరిగెత్తారు. గేట్లు తెరిచారు. వేరే ఊళ్ళలోనూ అంతే, ఒక దశలో రెండు లక్షలమంది దాకా ఆ కంచెల లోపల బతికారు. ఆ రోజు అక్కడ ఏ తెగ పెద్ద మధ్యవర్తిత్వం చేయగలిగేవాడు చెప్పండి? మనిషి ప్రాణంతో ఉంటేనే కదా రేపు సంతకు వచ్చేది, పక్క తెగవాడి దగ్గర సరుకు కొనేది.

రాతిగోడ:
చిగురు గారూ, గేటు తెరవడం గొప్ప పనే, దానికి దణ్ణం పెడతాను. కానీ 2016 ఫిబ్రవరిలో అదే దేశంలోని మలకాల్‌లో అలాంటి శిబిరంలోకే సాయుధులు చొరబడి మనుషుల్ని చంపారు, గుడారాలు తగలబెట్టారు. కాపలా ఉన్న సైనికులు సరిగా స్పందించలేదని ఐక్యరాజ్యసమితి విచారణే తేల్చింది. పైగా ప్రాణం కాపాడటం వేరు, పగ చల్లార్చడం వేరు. నేనడుగుతున్నది రెండోదాని గురించి.

పాతకాగితం:
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోలేక రాస్తున్నాను. నేను ఒక అంతర్జాతీయ సంస్థలో నాలుగేళ్ళు పనిచేశాను. పేరు, దేశం చెప్పను. నా పని నివేదికలు రాయడం. పొలాల హద్దుల దగ్గర మొదలై హత్యల దాకా వెళ్ళిన రెండు ఊళ్ళ మధ్య ‘సామరస్యం’ మా ప్రాజెక్టు. గడువు పద్దెనిమిది నెలలు.

డబ్బిచ్చే డోనరు అడిగేది ఏమిటంటే ఎన్ని వర్క్‌షాపులు పెట్టారు, ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్ళెంతమంది, యువకులెంతమంది అని. సంతకాల షీట్లు కట్టలు కట్టలుగా పంపాను. రెండు ఊళ్ళవాళ్ళు ఒకే హాల్లో మూడు రోజులు కూర్చున్నారు, భోజనం చేశారు, ప్రయాణ ఖర్చులు తీసుకుని వెళ్ళిపోయారు. నా నివేదికలో అది విజయం. వాళ్ళు విరామంలో కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదన్నది రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

అసలు సంగతి ఇది. చనిపోయినవాళ్ళ తాలూకు కర్మ ఇంకా పూర్తి కాలేదు, అది అయ్యాకే రాజీ మాట ఎత్తాలని రెండు వైపుల పెద్దలూ చెప్పారు. మా బడ్జెట్ సంవత్సరం అంతకుముందే ముగుస్తుంది. మిగిలిన డబ్బు వెనక్కి పోతుందని మా ఆఫీసు కంగారుపడి రాజీ సభను ముందుకు జరిపింది. ఫొటోలు బాగా వచ్చాయి. కొడుకును పోగొట్టుకున్న ఒక ఇంటివాళ్ళు మాత్రం రాలేదు. వాళ్ళు లేకుండా చేతులు కలపడాన్ని ఆ ఊళ్ళో సగంమంది అవమానంగా తీసుకున్నారు. అంతకుముందు కనీసం కలిసి వాడుకుంటున్న బావి దగ్గరికి కూడా ఆ తర్వాత వంతులవారీగా వెళ్ళడం మొదలైంది. ఆ నివేదిక రాసింది నేనే. ఇప్పటికీ ఆ సభ ఫొటో చూడలేను.

అయినా సరే, రాతిగోడ గారూ, సంస్థలు రాకూడదని నేను అనను. మా దగ్గర తప్పంతా ఒక్కచోట ఉంది, తేదీ ఎవరు నిర్ణయించాలన్న దగ్గర.

లైబీరియాలోనూ అదే జరిగింది. 2003లో ఆడవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని నెలల తరబడి రోడ్డు పక్కన కూర్చుని యుద్ధాన్ని చర్చల బల్ల దగ్గరికి ఈడ్చారు. ఆ ఉద్యమంలో ముందున్న లేమా గ్బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఒప్పందం అయ్యాక ఐక్యరాజ్యసమితి దళం ఆయుధాల అప్పగింతను 2003 డిసెంబరులో హడావిడిగా మొదలుపెట్టింది. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది తుపాకులతో వచ్చేశారు, డబ్బు కోసం అల్లర్లు జరిగాయి, అంతా ఆపేయాల్సి వచ్చింది. మళ్ళీ మొదలైంది 2004 ఏప్రిల్లో. ఈసారి లక్షమందికి పైగా నమోదయ్యారు.

చిగురు:
మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఆ ఇంటివాళ్ళ గురించి ఏమనాలో తెలియడం లేదు.

కానీ డబ్బంతా ఇలాగే పోతుందనుకోకండి. ఉత్తర ఐర్లాండ్ కోసం 1986లో అంతర్జాతీయ నిధి ఒకటి పెట్టారు, 1995 నుంచి యూరోపియన్ యూనియన్ పీస్ కార్యక్రమం నడిచింది. అది ఒక విడతతో అయిపోలేదు, విడత తర్వాత విడతగా సాగుతూనే ఉంది. పేటల్లోని చిన్న సంఘాల దాకా ఆ డబ్బు చేరింది. పద్దెనిమిది నెలలు కాదు, ముప్ఫై ఏళ్ళు!

రాతిగోడ:
ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా బెల్‌ఫాస్ట్‌లో కాథలిక్కుల పేటకూ ప్రొటెస్టెంట్ల పేటకూ మధ్య గోడలు నిలిచే ఉన్నాయి. 2023కల్లా తీసేస్తామని 2013లో అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది, కుదరలేదు. గోడ పక్కన ఉండేవాళ్ళకే ఇంకా భయం పోలేదు. డబ్బుతో భయం పోదండీ.

పాతకాగితం:
పోదు. అయితే వాళ్ళు ఒప్పుకోకుండా గోడ తీయకపోవడం నాకు మంచిగానే తోస్తోంది. మా ఆఫీసు అయితే తీసేసి ఫొటో పెట్టేది.

దారిదీపం:
ఇంతసేపూ ‘రావాలా వద్దా’ అనే చుట్టూనే తిరుగుతున్నాం. వచ్చి చేతిలో ఏం పట్టుకోవాలన్నది అడగాలి. దానికి నాకు తెలిసినంతలో మంచి జవాబు బూగన్‌విల్‌లో ఉంది. పాపువా న్యూ గినీలో భాగమైన ద్వీపం. పాంగునా రాగి గని గొడవతో 1988లో మొదలైన యుద్ధం దాదాపు పదేళ్ళు నడిచింది. ప్రభుత్వంతో ఒక పోరు, ద్వీపంవాళ్ళలో వాళ్ళకు ఇంకో పోరు.

1997 చివర న్యూజిలాండ్ నాయకత్వంలో, 1998 నుంచి ఆస్ట్రేలియా నాయకత్వంలో పరిశీలకులు వచ్చారు. ఫిజీ, వనువాటు వాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కరి దగ్గర కూడా తుపాకీ లేదు. వాళ్ళ భద్రతకు పూచీ పడింది నిన్నటిదాకా కొట్టుకున్నవాళ్ళే. పరిశీలకులు ఊరూరా తిరిగి సంధి మాట చెప్పేవారు, వినేవారు. రాజీ తంతులు మాత్రం ఊరి ఆచారం ప్రకారం, ఊరివాళ్ళ చేతుల మీదే జరిగాయి. ఆడవాళ్ళ సంఘాలు, చర్చిలు అప్పటికే ఏళ్ళ తరబడి నేల సిద్ధం చేసి పెట్టాయి.

నాకు బాగా నచ్చింది ఆయుధాల ఏర్పాటు. 2001 ఆగస్టు 30న ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మొదట ఆయుధాలు పెట్టెల్లో పెట్టి పోరాడిన వర్గాల కమాండర్లే ఉంచుకున్నారు. తర్వాత వాటిని పెద్ద కంటైనర్లలోకి మార్చి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి కమాండరు దగ్గర, రెండోది ఐక్యరాజ్యసమితి దగ్గర. ఆ ఐక్యరాజ్యసమితి కార్యాలయం చాలా చిన్నది, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది. వాళ్ళొక్కరే తెరవలేరు, కమాండరు ఒక్కడే తెరవలేడు. పక్క వర్గం చేతికి తాళంచెవి ఇవ్వమంటే ఏ కమాండరు ఇస్తాడు? ఎవరివైపూ కాని మనిషి అక్కడ కావాలి. బయటి సంస్థ చేయగల పని అది, ఊరివాళ్ళు తమకు తాము చేసుకోలేని పని అది.

రాతిగోడ:
ఇది నాకు తెలియదు. నిజంగా మంచి ఉదాహరణ. అయితే అక్కడి తిరుగుబాటు నాయకుడు ఫ్రాన్సిస్ ఓనా వర్గం ఆ ఒప్పందానికి బయటే ఉండిపోయింది కదా? వాళ్ళ తుపాకులకు తాళాలు పడలేదు.

దారిదీపం:
పడలేదు. అది ఆ ఏర్పాటులో లోటే, దాచను. బలవంతంగా లాక్కోవడానికి వెళ్ళి ఉంటే మిగతా కంటైనర్లు కూడా తెరుచుకునేవని నా నమ్మకం. 2019లో రెఫరెండం జరిగినప్పుడు దాదాపు 98 శాతం స్వాతంత్ర్యానికి ఓటేశారు, ఓటింగు ప్రశాంతంగా జరిగింది.

రాతిగోడ:
సరే, మొదట రాసినదాంట్లో ఒక వాక్యం వెనక్కి తీసుకుంటాను. దిగకూడదు అన్నాను, ఆ మాట తప్పు. చిగురు గారి గేటు, మీ రెండో తాళంచెవి, ఈ రెండూ బయటివాళ్ళు పట్టుకుంటేనే పనిచేస్తాయి. ఎవరు ఎవరితో ఎప్పుడు రాజీ పడాలి, ఏ ఇంటివాళ్ళు రాకపోతే సభ ఆపాలి అన్నవి మాత్రం బయటివాళ్ళకు వదలను.

పాతకాగితం గారూ, ఒక్కటి అడగాలనుంది. ఆ పెద్దలు చెప్పిన కర్మ తర్వాతైనా పూర్తయిందా? ఆ ఇంటివాళ్ళను మళ్ళీ ఎవరైనా పిలిచారా?

పాతకాగితం:
కర్మ జరిగిందని విన్నాను. పిలవడానికి అప్పటికి మా ఆఫీసు అక్కడ లేదు. ప్రాజెక్టు ముగిసింది. ఆ ఊరి బడిపంతులు ఒకాయన రెండు వైపులా తిరుగుతున్నాడని తర్వాత ఒక సహోద్యోగి చెప్పింది. ఆయనకు మేం ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు. మా సంతకాల షీట్లలో ఆయన పేరు కూడా లేదు.